కాలిని ఎండబెట్టిన గంగాధరప్ప

“ఆ ముక్కలోకి ఎముక రాకపోతే? అది అట్లాగే రాయిలా ఉండిపోతే, మా పాప జీవితమంతా కాలిలో రాయి పెట్టుకొని తిరగాలా డాక్టర్?”

డాక్టర్ శశికుమార్ ఈ ప్రశ్న వినడం అది నాలుగోసారి. ఆపరేషన్‌కు ముందు ఒకసారి, ఆపరేషన్ అయిన సాయంత్రం ఒకసారి, కట్టు విప్పిన రోజు ఒకసారి విన్నాడు. అడిగే మనిషి మాత్రం ప్రతిసారీ అది అప్పుడే తట్టినట్టు, ఇంతవరకూ ఇంకెవరికీ తట్టనట్టు అడిగేది.

ఆమె పేరు అనుపమ. అనంతపురంలోనే ఒక డిగ్రీ కాలేజీలో జీవరసాయన శాస్త్రం పాఠాలు చెబుతుంది. భర్త అశోక్‌కు కళ్యాణదుర్గం వైపు గాలిమరల కంపెనీలో పని, వారానికి రెండు రోజులే ఇంట్లో ఉంటాడు. ఆమె ఒళ్ళో కూర్చుని డాక్టరు బల్ల మీది పెన్నులు లెక్కపెడుతున్నది నాలుగున్నరేళ్ళ కూతురు హేమ.

దీపావళికి ముందు హేమ ఎడమ మోకాలి కింద నొప్పి అంటే ఎక్స్‌రే తీయించారు. ఎముక లోపల గోలీకాయంత నీటితిత్తి కనబడింది. ప్రాణానికేమీ ప్రమాదం లేదు. కానీ దాని చుట్టూ ఎముక గోడ కోడిగుడ్డు పెంకులా పలచబడింది. మంచం మీద నుంచి ఎగిరి దూకినా పుటుక్కున విరగవచ్చు. అందుకని తిత్తిని గీకి తీసేసి, ఆ ఖాళీలో చిల్లులు చిల్లులుగా ఉండే చిన్న తెల్ల ముక్కలు నింపారు. ఆపరేషన్ అయి తొమ్మిది వారాలు. కట్టు విప్పి మూడు వారాలు. ఈ మూడు వారాల్లో హేమ పాదం నేలకు ఆనింది స్నానాల గదిలో మాత్రమే, అది కూడా తల్లి రెండు చంకల కింద చేతులు పెట్టి పట్టుకుంటేనే.

డాక్టరు సొరుగు లాగి, చక్కెర బిళ్ళంత తెల్ల ముక్కను తీసి బల్ల మీద పెట్టాడు.

“బిస్కెట్టా?” అంది హేమ.

“కొరికితే పన్ను ఊడుతుంది తల్లీ,” అని, డాక్టరు అనుపమ వైపు తిరిగాడు. “గోడ లేపేటప్పుడు మేస్త్రీలు కర్రలు కట్టి పైకెక్కుతారు కదమ్మా, ఇది అట్లాంటిది. ఎముక కణాలు ఈ చిల్లుల్లో నుంచి పాకుతాయి. ఉత్తి ముక్కయితే వాటికి పట్టు దొరకదు. అందుకే దీని పైన పలచని పూత. ఎముక వచ్చేకొద్దీ ఇది కరిగిపోతుంది. రాయిలా ఉండిపోయేది కాదు.”

ఇదంతా అనుపమకు తెలుసు. తెలియడమే ఆమెకు వచ్చిన చిక్కు. ఈ మూడు నెలల్లో పూత వేసిన ముక్కల మీద ముప్పై ఒక్క పరిశోధన వ్యాసాలు చదివింది. పూత మరీ పలచనైతే కణాలు నిలబడవు, మందమైతే చిల్లులు మూసుకుపోతాయి, మధ్యస్థంగా ఉన్నా కొన్నిసార్లు పగుళ్ళు ఇస్తుంది. ప్రతి వ్యాసం చివర్లో ‘పరిమితులు’ అని ఒక పేరా ఉంటుంది. అన్ని పేజీలూ చదివినా ఆమెకు గుర్తుండేది ఆ పేరా ఒక్కటే.

“మీరు నా కోసం చేయాల్సింది ఒకటే,” అన్నాడు డాక్టరు. “పాపను నడిపించండి. ముక్కలు పెట్టడం వరకే నా పని. బరువు పడితేనే ఎముకకు ఇక్కడ గట్టిపడాలని తెలుస్తుంది. నెల తర్వాత ఎక్స్‌రే తీద్దాం. అప్పటికీ ఇట్లాగే ఎత్తుకొని తిరిగితే ఆ గోడ ఎప్పటికీ పలచగానే ఉంటుంది, రెండో ఆపరేషన్ గురించి మాట్లాడుకోవాల్సి వస్తుంది.”

“సరే డాక్టర్,” అని అనుపమ లేచింది. లేస్తూనే పాపను చంకన వేసుకుంది.

“అమ్మా!” అన్నాడు డాక్టరు.

“ఈ గుమ్మం దాటి దింపుతాను డాక్టర్. నేల నున్నగా ఉంది.”

గుమ్మం దాటింది. బయట హాల్లో నేల ఇంకా నున్నగా ఉంది. దింపలేదు. మెట్ల దగ్గరికి వస్తుండగా, రోగులు కూర్చునే బల్ల మీద నుంచి ఒక గొంతు వినబడింది.

“ఏమ్మా, ఆ పాపకు కాళ్ళు ఉండాయా, లేకుంటే నువ్వే కాళ్ళా?”

అనుపమ తిరిగి చూసింది. అరవై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. తెల్ల పంచె, భుజం మీద ఎర్రంచు తువ్వాలు. పక్కన కూర్చున్న భార్య అప్పటికే ఆయన మోచేయి గిల్లేసింది.

“నోరు మూసుకోయ్యా! ఎవురి బిడ్డో ఏమో,” అని, ఆమె అనుపమతో అంది, “ఏమనుకోవద్దమ్మా. ఈయప్పకు కాలు బాగైనప్పటి నుంచి ఆస్పత్రికి వచ్చినోళ్ళందరికీ వైద్యం చెప్పే తీట పట్టుకుంది.”

“నేనేం తప్పు మాట్లాడినా ఆంజినమ్మా? అడిగినా, అంతే.” ఆయన పంచె మోకాలి దాకా ఎత్తాడు. ముంగాలి మీద జానెడు పొడుగు మచ్చ, మధ్యలో కొంచెం సొట్ట. “లోపల డాక్టరు చెప్పేది ఈడికి వినపడింది. పాపకు పెట్టిందే నాకూ పెట్టినారు. చిల్లుల ముక్క, పైన పూత. బొటనవేలంత ముక్క. తొమ్మిది నెలలాయె.”

అంతవరకూ మెట్ల వైపు ఉన్న అనుపమ అట్లాగే వచ్చి బల్ల మీద కూర్చుంది. ముప్పై ఒక్క వ్యాసాల్లో కుందేళ్ళ గురించి, గొర్రెల గురించి చదివింది. లోపల ఆ పదార్థం పెట్టుకొని తొమ్మిది నెలలుగా తిరుగుతూ, అడిగితే జవాబు చెప్పగలిగే మనిషి ఎదురుకావడం ఇదే మొదలు.

“ఎన్నో వారం నుంచి నడిచారు? నొప్పి ఉండేదా? ఎక్స్‌రేలో ఎప్పుడు తెలిసింది?”

“ఏంది తల్లీ, నువ్వు పోలీసా?”

“కాలేజీలో పాఠాలు చెబుతాను.”

“అట్లనా! మేడమ్మా!” ఆయన సర్దుకొని కూర్చున్నాడు. తన గురించి చెప్పుకోవడానికి అవకాశం దొరికిందని ముఖంలో సంతోషం దాగలేదు.

ఆయన పేరు గంగాధరప్ప. ఊరు ధర్మవరం. నేతగాళ్ళ ఇంట పుట్టాడు గానీ మగ్గం మీద ఒక్క చీర కూడా నేసిన పాపాన పోలేదు. చిన్నప్పుడు వాళ్ళ నాయన మగ్గం గుంటలో కూర్చోబెడితే పావుగంటకు లేచి వీధిలోకి పారిపోయేవాడట. మూడుసార్లు కొట్టి, నాలుగోసారి నాయన విసిగిపోయి, వీధిలో పడుగుకు గంజి పెట్టే ఒక పెద్దాయన దగ్గర వదిలేశాడు. పడుగు అంటే చీరకు నిలువునా ఉండే దారాలు. మగ్గం ఎక్కించే ముందు వాటిని వీధి పొడుగునా బిగించి, పలచని బియ్యపు గంజి పట్టించి ఆరబెడతారు. ఆ పనిలో కూర్చునేది లేదు. పొద్దున్నుంచి ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు నడవడమే. పదకొండేళ్ళకు నడక మొదలుపెట్టి, యాభై ఏళ్ళుగా నడుస్తూనే ఉన్నాడు. ఇద్దరు కూతుళ్ళకు పెళ్ళిళ్ళు చేసింది కూడా ఆ నడకతోనే.

“అట్లాంటి కాలు విరిగింది,” అంది ఆంజినమ్మ. “సోమందేపల్లెలో చిన్నకూతురి ఇంటికి పోతా, రోడ్డు మీద కుక్క అడ్డమొస్తే బండి నుంచి పడినాడు.”

“కుక్క బాగుండాది,” అన్నాడు గంగాధరప్ప. “నా ఎముకే ఒక ముక్క ఎగిరిపోయింది. ముందు వేరేచోట కట్టు కట్టినారు, అతకలా. ఆడ సందు మిగిలిపోయింది. పోయిన ఎండాకాలంలో ఈ డాక్టరు ఆ సందులో ముక్క పెట్టి, ప్లేటు బిగించినాడు. నేను అడిగినా, ఏందప్పా పెట్టేది అని. దాని మీద పలచగా పూత ఉంటాది పెద్దాయనా అన్నాడు. పూత అంటానే నాకు ధైర్యమొచ్చింది. పూత గురించి నాకు ఇంగొకరు చెప్పాల్నా!”

“ఆ తెలివే కొంప ముంచింది,” అంది ఆంజినమ్మ.

“నువ్వు చెప్పొద్దు, నేను చెప్తా.”

“నువ్వు చెప్తే సగం దాస్తావు. వినమ్మా. ఆరు వారాలకు నడవమని డాక్టరు చీటీ రాసిచ్చినాడు. ఈ మనిషి ఆ చీటీ మడిచి దేవుని పటం ఎనక పెట్టినాడు. తడి పూతను కదిలిస్తే పెటులుతాది, ఆరేదాకా ఎవురూ ముట్టుకోకూడదు అన్నాడు. పొద్దున ఏడుకు అరుగు మీద పలక వేసి, కాలు దాని మీద చాపి, లేత ఎండ తగలాలంటాడు. ఎండ జరిగితే పలక నేను జరపాల. ఆడ నుంచి ఈడకు, ఈడ నుంచి ఆడకు.”

“కాలును ఎండబెట్టారా?” అనుపమ నవ్వు ఆపుకోలేకపోయింది.

“అంతటితో అయితే బాగుండు. గాలి ఎక్కువ తగిలితే గంజి చీలుతాదంట. మే నెలలో మా ఇంట్లో ఫ్యాన్ బంద్! ధర్మవరంలో మే నెల అంటే నీకు తెలియనిదేముంది. వీధిలో పోయేటోళ్ళంతా, ఏమప్పా గంగాధరా, వడియాలు పెట్టినావా అని పలకరించి పోతాన్నారు.”

“కాకులు కూడా వచ్చినాయి,” అని గంగాధరప్ప ఒప్పుకున్నాడు.

“మూడు నెలలకు ఈడికి వస్తే ఫోటోలో సందు సందుగానే ఉండాది. నడుస్తాన్నావా అని డాక్టరు అడిగినాడు. పూత ఇంగా ఆరలేదేమో అని చూస్తాండా సారూ అన్నాడు ఈయప్ప. డాక్టరు ముందు నవ్వినాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకొని, తర్వాత తిట్టినాడు చూడూ...”

“నీ కాలేమన్నా పట్టు పడుగా అన్నాడు,” అని గంగాధరప్ప అందుకున్నాడు. “ఆ మాట పట్టుకొని ఇంటికి పోయినా. అరుగు మీద కూచుని ఆలోచన చేసినా. యాభై ఏండ్లుగా నేను గంజి ఎందుకు పెడతాండా? ఆరబెట్టి పెట్టెలో దాచేదానికా? మగ్గం ఎక్కితే దెబ్బలు పడతాయి. ఒక్కో చీరకు వేలవేల దెబ్బలు. ఆ దెబ్బలకు దారం ఓర్చుకోవాలనే కదా గంజి. నాకు తెలిసిన పనే, నా కాలి కాడికొచ్చేసరికి సగం దాకా తెలిసి, మిగతా సగం మర్చిపోయినా. మర్నాడు పొద్దున లేచి నిలబడినా.”

“భయం వేయలేదా?”

“లాగులో పోసుకున్నంత పనాయె. కానీ నిలబడినా. రెండు నెలలకు ఫోటోలో తెల్లగా పొగ మాదిరి కనపడింది. ఇంగో రెండు నెలలకు పొగ గట్టిపడింది.” ఆయన హేమ వైపు వంగాడు. “పాపా, ఈ ఆదివారం మా వీధిలో పచ్చ పడుగు వేస్తాండాం. వస్తావా?”

“వస్తాం,” అంది అనుపమ, హేమ కంటే ముందు. రోజంతా ఆ కాలి మీద బరువు వేసి నడిచే మనిషిని కళ్ళారా చూడాలని ఆమె ఆశ.

ఆదివారం మొదటి బస్సుకు బయలుదేరితే ధర్మవరంలో దిగేసరికి ఏడు కావస్తోంది. అక్కడి నుంచి ఆటో. వీధి మొదట్లో ఆటో ఆగిపోయింది; ముందుకు పోవడానికి దారి లేదు. కత్తెరల్లా నాటిన వెదురు కర్రల మీద వీధి పొడుగునా పసుపుపచ్చ పట్టు బిగించి ఉంది. అంచుల్లో మిరపపండు రంగు. సందులోకి దూరిన లేత ఎండకు అది వెలుగుతోంది. రెండు పక్కలా ఇళ్ళ వాళ్ళు అరుగుల మీద కూర్చుని పళ్ళు తోముకుంటూ, కాఫీ తాగుతూ, దాన్ని దాటాల్సి వస్తే నడుం వంచి కింద నుంచి పోతున్నారు.

గంగాధరప్ప ఒక పక్క, పడుగు సొంతదారుడైన నేతగాడు ఓబన్న ఇంకో పక్క. ఇద్దరి చేతుల్లో గంజిలో ముంచిన వెడల్పాటి కుంచెలు. గాలి లేవకముందే పని కావాలి. ఆ పీఠభూమి మీద పొద్దెక్కితే గాలిని ఆపేవాళ్ళు లేరు. గంగాధరప్ప కుంచె తగిలీ తగలనట్టు దారాల మీద పోతోంది. నాలుగడుగులకు ఒకసారి ఆగి, వేలి వెనక భాగంతో పట్టును తాకి చూస్తాడు. కొంచెం కుంటుతున్నాడు గానీ ఆ కుంటు ఆయన నడకలో కలిసిపోయింది.

“ఎంత మందం పెడతారు?” అనుపమ హేమను చంకనేసుకొని ఆయన వెంబడి నడుస్తూ అడిగింది.

“మందమా? మందమైతే దారానికి దారం అంటుకుపోతాది. మగ్గం మీద ఓబన్న ఒకదాన్ని లాగితే పది వస్తాయి. పెట్టినట్టుండాల, పెట్టనట్టూ ఉండాల. మీ డాక్టర్ల పూత ఎంతుంటాది?”

“వెంట్రుక మందంలో పదో వంతు ఉండొచ్చు.”

గంగాధరప్ప కుంచె ఆపి తన ముంగాలి వైపు ఒకసారి చూసుకున్నాడు. “అబ్బా! చేయి తిరిగినోడే పెట్టింటాడు,” అన్నాడు గౌరవంగా.

ఆంజినమ్మ అరుగు మీద నుంచి పిలిచింది. మరమరాల ఉగ్గాని వేడిగా ఉందని, పాపను కూర్చోబెట్టమని. అనుపమ హేమను అరుగు మీద దించి, కిందికి దిగొద్దని రెండుసార్లు చెప్పి, మూడోసారి చెప్పబోతుంటే వీధి ఆ చివర నుంచి గంగాధరప్ప కేక వినబడింది.

“మేడమ్మా! పరిగెత్తిరా! తాడు తెగేట్టుండాది!”

అనుపమ ఉరికింది. పడుగు ఆ కొస ఒక అడ్డకట్టెకు చుట్టి ఉంది. కట్టెను రెండు వైపులా తాళ్ళతో రాతిస్తంభానికి కట్టారు. గంగాధరప్ప కట్టెను వెనక్కి లాగి పట్టుకొని ఉన్నాడు.

“ఇది పట్టుకో. రెండు చేతుల్తో. వెనక్కి వాలు. బిగువు పోనీయొద్దు. తడి మీద సడలినాదంటే అంతా కలిసి తాడైపోతాది. మూడు చీరల పట్టు తల్లీ! ఓబన్న పెండ్లాం నన్ను ఈ వీధిలో ఉండనీదు.”

“ఎంతసేపు?”

“ఆరేదాకా!” అని ఆయన కుంచె తీసుకొని వెళ్ళిపోయాడు.

అనుపమ కట్టె పట్టుకొని వెనక్కి వాలింది. పాతిక గజాల పట్టు ఆమె రెండు చేతుల్లోకి వచ్చింది. ఆ చివర కుంచె తగిలినప్పుడల్లా సన్నని అదురు దారాల వెంట వచ్చి మణికట్టులో తెలుస్తోంది. ఇంత పలచని దారాలు ఇంత బలంగా లాగుతాయని ఆమె అనుకోలేదు. ఒక నిమిషం బాగానే ఉంది.

అప్పుడు హేమ ఉగ్గాని తినడం అయిపోయింది.

“అమ్మా, ఎత్తుకో.”

“వస్తా కన్నా, కొంచెంసేపు.”

“ఇప్పుడే.”

“ఆ అమ్మమ్మ దగ్గర కూర్చో. అమ్మ చేతులు ఖాళీ లేవు.”

ఆ మాట హేమ మూడు వారాలుగా వినలేదు. ఏడుపు మొదలైంది. ఆంజినమ్మ పక్కనే ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకొని, ఎదురింటి గోడ మీద ఏదో అపురూపమైనది ఉన్నట్టు అటే చూస్తోంది.

“ఎవరైనా వచ్చి పట్టుకోండి!” అంది అనుపమ. “ఓబన్నా! ఒక్క నిమిషం!”

ఓబన్న గంజి కారుతున్న రెండు చేతులూ ఎత్తి చూపించాడు.

“పెద్దాయనా!”

“నువ్వు విడిస్తే నా యాభై ఏండ్ల పేరు పోతాది మేడమ్మా,” అన్నాడు గంగాధరప్ప, తల ఎత్తకుండా.

హేమ ఏడుపు ఆపింది. ఎవరూ రావడం లేదని అర్థమైంది. అరుగు అంచుకు జరిగి, బోర్లా తిరిగి, కాళ్ళు కిందికి వదిలింది. ముందు కుడి పాదం ఆనింది. తర్వాత ఎడమది. గుడ్డు పెంకంత గోడ, చిల్లుల ముక్కలు, పూత పగిలే అవకాశం ఇన్నింటికి ఇన్ని, అన్ని ‘పరిమితులూ’ ఒక్కసారిగా కళ్ళ ముందు వరస కట్టాయి. చేతులు కట్టెను వదలబోయాయి. కట్టె ముందుకు గుంజింది. పచ్చటి పట్టు కొంచెం కుంగింది. ఆమె మళ్ళీ వెనక్కి లాగింది.

హేమ అరుగు పట్టుకొని నిలబడి ఉంది. ఆమె చూపు తల్లి మీద లేదు. తన కళ్ళకు సరిగ్గా ఎదురుగా, తన ఎత్తులోనే, పసుపుపచ్చ పట్టు మెరుస్తూ ఉంది. చేయి చాపింది.

“పాపా, ముట్టుకోవద్దు,” అన్నాడు గంగాధరప్ప మెల్లగా. “తడిగా ఉండాది. ముట్టుకోకుండా దాని పక్కనే నడిచి అమ్మ కాడికి పో. ముట్టుకోకుండా పోయేది చాలా కష్టం. పెద్దోళ్ళకే చేతకాదు.”

హేమ ఆయన వైపు చూసి, చేయి దారాలకు బెత్తెడు పైన పెట్టింది. నడిచింది. ఒక అడుగు, ఆగింది. ఇంకో అడుగు. ఎడమకాలు బిగుసుకొని పక్కకు పడుతోంది. అయినా నడిచింది. ముఖమంతా ఒకటే పట్టుదల: చేయి తగలకూడదు. వీధి మధ్యలో ఒక గంజి చుక్క దారం కింద వేలాడుతూ కనబడితే, అది పడేదాకా నిలబడి చూసింది. పడిన తర్వాత కదిలింది. అరుగుల మీద వాళ్ళంతా పళ్ళు తోముకోవడం మానేశారు. ఒకచోట మోకాలు వంగి తూలింది. ఓబన్న కుంచె గాల్లోనే ఆగిపోయింది. హేమ తనంతట తానే సర్దుకుంది.

వచ్చి తల్లి చుడీదార్ పట్టుకుంది.

“అమ్మా, నేను ముట్టుకోలేదు.”

“ముట్టుకోలేదు బంగారూ,” అంది అనుపమ. కళ్ళ నుంచి, ముక్కు నుంచి కారిపోతోంది, తుడుచుకోవడానికి చేయి లేదు. నవ్వుతోంది కూడా. ఓబన్న కుంచె కింద పెట్టి, “ఏమప్పా గంగాధరన్నా, మేడమ్ కన్నీళ్ళు పడితే నా పట్టు ఉప్పెక్కుతాది, చూస్కో,” అన్నాడు. వీధంతా నవ్వింది.

గంగాధరప్ప తాపీగా వచ్చి, ఆమె చేతుల్లోంచి కట్టె తీసుకొని, తాళ్ళు లాగి ముడి వేసి, వదిలేశాడు. కట్టె కదలలేదు. రెండు తాళ్ళూ బిగుసుకొని నిలబడ్డాయి. అనుపమ వాటిని అప్పుడు చూసింది. బొటనవేలంత లావు కొత్త తాళ్ళు. ఆయన కేక వేయడానికి ముందు ముడి కొంచెం వదులు చేసి, ఇప్పుడు మళ్ళీ లాగి కట్టాడంతే.

“ఇదేంటి? ఇది తెగేట్టు ఉందా?”

“ఆ తాడుకు ఏనుగును కట్టేయొచ్చు,” అంది ఆంజినమ్మ, అప్పుడు గోడ మీద నుంచి చూపు తిప్పుకొని. “నేను వద్దు వద్దంటానే ఉండా. ఈయప్ప వింటాడా?”

“పడి ఉంటే?” అనుపమ గొంతు నిజంగానే పెరిగింది. “పాప పడి ఉంటే?”

“ఓబన్న ఆ పక్క, నేను ఈ పక్క ఉంటిమి కదా, చేయి చాస్తే అందేంత దూరంలో. చూసుకోలేదా?” అన్నాడు గంగాధరప్ప. కోపాన్ని కోపంతో ఎదుర్కొనే మనిషి కాదు. “నేను కొత్తగా ఏమీ చేయించలా తల్లీ. డాక్టరు నడిపించమన్నాడు. ఆ మాట నీ చెవులకు వినపడింది. చేతులకే వినపడలా. అందుకని వాటిని కాసేపు కట్టేసినా.”

అనుపమ రాతిస్తంభానికి ఆనుకొని కూర్చుంది. హేమ అప్పటికే వెనక్కి తిరిగి, మళ్ళీ బెత్తెడు ఎత్తున చేయి పెట్టుకొని, ఆంజినమ్మ వైపు రెండో విడత నడుస్తోంది. ఆ పొద్దున అట్లా ఆరుసార్లు నడిచింది. పదింటికి పడుగు ఆరిపోయి, గంగాధరప్ప దాన్ని చుట్టడం మొదలుపెట్టినప్పుడు, ఇక ముట్టుకోవచ్చని అంటే హేమకు నచ్చలేదు. ముట్టుకుంటే ఆట ఏముంది?

నెల తర్వాత ఎక్స్‌రేలో ఖాళీ చుట్టూ తెల్లని పొగలాంటిది కనబడింది. పెంకులాంటి గోడ మందమవుతోంది. డాక్టర్ శశికుమార్ ఫిల్మును వెలుగుకు పెట్టి, ఇక పరిగెత్తినా ఫరవాలేదన్నాడు. ఎత్తు నుంచి దూకడం మాత్రం ఇంకో మూడు నెలలు వద్దన్నాడు. ఆసుపత్రి మెట్ల మీద నుంచే అనుపమ గంగాధరప్పకు ఫోన్ చేసింది.

“పొగ వచ్చిందా? వస్తాది,” అన్నాడు ఆయన, తన చేతుల మీదుగా వచ్చినట్టు. వెనక ఆంజినమ్మ ఎవరు, ఏమైందని అడగడం వినబడుతోంది.

“పరిగెత్తినా ఏం కాదన్నారు. అది వినగానే నాకు నడక భయం పోయి పరుగు భయం పట్టుకుంది. ఇప్పుడే గుమ్మం దగ్గరికి వేగంగా నడిస్తేనే ఎత్తేసుకున్నాను. ఈ భయం ఎప్పుడు పోతుంది పెద్దాయనా?”

గంగాధరప్ప గొంతు తగ్గించి, వేళాకోళం లేకుండా చెప్పాడు.

“అది పోవాలని కాచుకొని కూచోవద్దు తల్లీ. ఉంటాది, ఉండనీ. నాకు మెట్టు దిగేటప్పుడు ఇప్పుడూ ఉంటాది. నువ్వు ఒకటి చేయి. పాపను బయటికి తోడుకొని పోయేటప్పుడు నీ రెండు చేతుల్లో ఏదో ఒక బరువు పెట్టుకొని పో. భయమేస్తాది, ఎత్తుకోవాలనిపిస్తాది, చేతిలోది యాడ పెట్టేదా అని చూస్తావు. నువ్వు చోటు వెదికేలోపల ఆ పాప నాలుగడుగులు పోయి ఉంటాది.”

ఇప్పుడు ప్రతి సాయంత్రం అనుపమ ఒక చేతిలో కూరగాయల సంచి, ఇంకో చేతిలో దిద్దాల్సిన జవాబు పత్రాల కట్ట పట్టుకొని, హేమ వెనక నడుస్తుంది.